సలమాంకా విద్యాపీఠమును స్పానిష్ భాషయును

స్పెయిన్ దేశమున కాస్టీల్ పీఠభూమికి పశ్చిమపార్శ్వమందు, తోర్మెస్ నది కుడియొడ్డున వెలసియున్న సలమాంకా నగరము సమీపమునందలి వియ్యామయోర్ గనులనుండి తెచ్చిన ఇసుకరాతితో నిర్మింపబడినది. గనినుండి తీసినప్పుడు ఉలికి సులభముగా లొంగి, గాలికిని ఎండకును ఆరిన కొలదిని గట్టిపడి పసిడివన్నె దాల్చు ఆ రాతియందు శిల్పులు చెక్కిన ద్వారములును, తోరణములును, గోపురములును లోకప్రసిద్ధములే. 1988వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఆ ప్రాచీననగరమును ప్రపంచవారసత్వస్థానములలో చేర్చినది. ఐనను సలమాంకా పేరును ఖండాంతరములకు చేర్చినది దాని విద్యాపీఠము. ఎనిమిది శతాబ్దులు గడచినను నేటికిని ప్రభుత్వవిశ్వవిద్యాలయముగా వెలుగొందుచున్న ఆ పీఠపు చరిత్రలో భాషాభిమానులెల్లరు ఎఱుగదగిన విశేషమొకటి కలదు. ఏ విద్యాలయమున గురుపీఠముపై కూర్చుండి ప్రజలభాష పలుకుట నిషిద్ధమై యుండెనో, ఆ విద్యాలయమున చదివి బోధించిన పండితుడే ఆ భాషకు తొలివ్యాకరణమును రచించెను. ఆ విద్యాలయమే కాలక్రమమున ఆ భాషను పరదేశీయులకు బోధించుట తన ముఖ్యధర్మములలో నొకటిగా గ్రహించెను. దేశమునకు సామ్రాజ్యమున్ననాడు తోచని యీ ధర్మము, సామ్రాజ్యమును సిరియు నశించిన పిదపనే దానికి తోచుట మిక్కిలి ఆలోచింపదగిన విషయము.

1218వ సంవత్సరమున లెయోన్ రాజ్యాధిపతియగు తొమ్మిదవ అల్ఫోన్సో ఈ విద్యాశాలను స్థాపించెను. పండ్రెండేండ్లకు లెయోన్, కాస్టీల్ రాజ్యములు ఏకమయ్యెను. 1254లో విద్వద్రాజని పేరొందిన పదవ అల్ఫోన్సో ఈ శాలకొక శాసనపత్రము ననుగ్రహించి, ధర్మశాస్త్రము, తర్కము, వైద్యము, వ్యాకరణము మున్నగు విద్యలకు ఆచార్యపీఠములను నెలకొల్పి, గ్రంథరక్షకునకును సంగీతగురువునకును సైతము వేతనము లేర్పరచెను. మరుసటి యేడు నాలుగవ అలెగ్జాండరు పోపు ఇచటి పట్టములకు విస్తృతమైన మాన్యతను ప్రసాదించెను. తన ఆస్థానమున లాటిన్‌ను ప్రక్కకు నెట్టి, శాసనములను, చరిత్రలను, జ్యోతిశ్శాస్త్రగ్రంథములను కాస్టిలియన్ భాషలోనే వ్రాయించిన పదవ అల్ఫోన్సో పోషించిన విద్యాశాలలో మాత్రము లాటిన్‌కే సింహాసనము దక్కెను. అచట వ్యాకరణమనగా లాటిన్ వ్యాకరణమే. ప్రజలభాష వాడుకచేతనే వచ్చునని, దానికి శాస్త్రమక్కరలేదని ఐరోపా పండితులెల్లరు తలచిన కాలమది.

పదునారవ శతాబ్దిలో చేసికొన్న నిబంధనములు సైతము, గురువులు పీఠముపైనుండి లాటిన్‌లోనే బోధింపవలెనని విధించెను. బాలురకు వ్యాకరణము నేర్పువారికిని, సంగీత జ్యోతిశ్శాస్త్రములను చెప్పువారికిని మాత్రము స్వల్పమైన మినహాయింపు లభించెను. అయినను ఆ విద్యాశాల కేవలము జడమైన సంప్రదాయమునకు నిలయము కాదు. విద్యార్థులలోనుండియే విద్యాలయాధిపతియగు రెక్టారు నెన్నుకొను ఆచారమును, ఆచార్యపీఠము ఖాళీయైనప్పుడు పోటీపడిన పండితుల ప్రసంగములను విని విద్యార్థులే సమ్మతుల నిచ్చి గురువును వరించు ఆచారమును అచట చిరకాలము సాగెను. పట్టపరీక్షకు పూర్వరాత్రి అభ్యర్థి పాత కెథెడ్రల్ ఆవరణమునందలి సంత బార్బరా మందిరమున ఒంటరిగా జాగరము చేసి, తెల్లవారినపిమ్మట పండితుల ప్రశ్నలకు సమాధానములు చెప్పవలసి యుండెను. గెలిచినవాని పేరు జయచిహ్నముతో గూడ గోడలమీద ఎఱ్ఱని అక్షరములతో వ్రాయబడెడిది; వృషభరక్తమును కలిపి చేసిన ఆ వర్ణముతో వ్రాసిన నామములు నేటికిని ఆ బంగారురాతి గోడలపై కానవచ్చును. పదునారవ శతాబ్ది చివరకు ఇచట 6,000 మందికి మించిన విద్యార్థులు చేరియుండిరి.

ఈ లాటిన్‌పీఠమునుండియే స్పానిష్ భాషకు శాస్త్రకారుడు బయలుదేరెను. దక్షిణమున సెవియ్యా ప్రాంతమునందలి లెబ్రిహా గ్రామమున జన్మించిన ఆంటోనియో దె నెబ్రిహా సలమాంకాలో విద్యారంభము చేసి, ఇటలీకి వెడలి, బొలోన్యా నగరమున స్పెయిన్ విద్యార్థులకై వెలసిన కళాశాలలో చేరి, మానవీయవిద్యల పునరుజ్జీవనమును ప్రత్యక్షముగా చూచి మరలివచ్చెను. స్వదేశమున లాటిన్ ఎంతగా చెడియుండెనో గుర్తించి, దానిని సంస్కరించుట జీవితవ్రతముగా పూని, 1475 ప్రాంతమున సలమాంకాలో బోధకుడై, 1481లో లాటిన్ పాఠ్యగ్రంథమును ప్రకటించెను. ఆ గ్రంథము పలుమారు ముద్రణలు పొంది తరములకొలది బాలురకు ఆధారమయ్యెను. తరువాత అధ్యాపకత్వమును విడిచి ఒక ప్రభువు నాశ్రయించి, తీరికతో కోశములను రచింప బూనిన కాలమున, లాటిన్ వ్యాకరణమునకై తాను నేర్చిన పద్ధతినే తల్లిభాషకు వర్తింపజేయ వచ్చునను భావము ఆతని మనస్సున పండెను. 1492 ఆగస్టు 18వ తేదీన సలమాంకాలోనే ముద్రణ ముగించుకొనిన కాస్టిలియన్ భాషావ్యాకరణము ఆ భావమునకు ఫలము. ఆ యేడాది జనవరిలో గ్రనాడా రాజ్యము కాస్టీల్ వశమయ్యెను. ఆగస్టు 3వ తేదీన కొలంబసు పశ్చిమసముద్రమున ఓడల నడపించెను. ఆధునిక ఐరోపా ప్రజలభాషలలో ఒకదానికి సమగ్రముగా వ్రాసి అచ్చువేసిన తొలివ్యాకరణముగా ఆ గ్రంథమును పండితులు గౌరవింతురు.

నెబ్రిహా తన గ్రంథమును ఇసబెల్లా రాణికి అంకితమిచ్చుచు వ్రాసిన పీఠిక సుప్రసిద్ధము. పూర్వము సలమాంకాలో ఆ కృతియొక్క నమూనాను రాణికి చూపినపుడు, దీనివలన ప్రయోజనమేమని ఆమె యడుగగా, ప్రక్కనున్న ఆవిలా బిషప్పు, జయింపబడిన జనులు జేతల శాసనములను గ్రహించుటకు ఈ భాష నేర్వవలసి వచ్చునని ప్రత్యుత్తరమిచ్చినట్లు ఆతడు తెల్పినాడు. భాషయు రాజ్యమును కలిసి పెరుగునని, కలిసి క్షీణించునని హెబ్రూ, గ్రీకు, లాటిన్ చరిత్రల ఆధారముగా ఆతడు వాదించెను. ఈ పీఠికనే చదివి, ఆ వ్యాకరణమంతయు విజయయాత్రకు పరికరమని నిర్ణయించిన విమర్శకు లనేకులు. కాని గ్రంథమును కడవరకు చదివినవారికి మరియొక నెబ్రిహా దర్శనమిచ్చును. మొదటి నాలుగు ప్రకరణములందు వర్ణక్రమమును, ఉచ్చారణను, శబ్దస్వరూపమును, వాక్యరచనను వివరించిన పిదప ఆతడు అయిదవ ప్రకరణమును పరభాషీయులకై ప్రత్యేకముగా రచించెను. వాడుకచేత నెఱిగిన తమ భాషను శాస్త్రరీత్యా తెలిసికొన గోరువారు, తమ భాషద్వారమున లాటిన్‌ను చేర గోరువారు, అన్యభాషలలో పుట్టియు ఈ భాష నేర్వ గోరువారు అని జిజ్ఞాసువులను మూడు తరగతులుగా విభజించి, మూడవ తరగతివారికి అక్షరములు మొదలుకొని నామక్రియారూపముల వఱకు సులభమైన క్రమమున పాఠము చెప్పెను. పీఠికలో సైతము, స్పెయిన్‌తో వ్యవహరించు బాస్కులును, ఫ్రెంచివారును, ఇటాలియనులును ఈ గ్రంథమువలన లాభము పొందుదురని సూచించెను. పీఠిక రాజ్యము నాశ్రయించినది. అయిదవ ప్రకరణము విద్యార్థి నాశ్రయించినది. ఈ రెంటిలో ఏది చిరస్థాయి యగునో చెప్పుటకు నాలుగు శతాబ్దులు పట్టెను.

సమకాలికులు ఆ వ్యాకరణమును అంతగా ఆదరింపలేదు. పదునెనిమిదవ శతాబ్దివఱకు అది పునర్ముద్రణమునకు నోచుకొనలేదు. అయినను అమెరికా ఖండమున క్రైస్తవమతబోధకులు నావాత్ల్, క్వెచువా మున్నగు భాషలకు వ్యాకరణములు వ్రాసినప్పుడు నెబ్రిహా లాటిన్ పాఠ్యగ్రంథమే వారికి మార్గదర్శకమయ్యెను. ఇక సలమాంకా విద్యాలయము ఆతనిపట్ల చూపిన ఆదరము చెప్పదగినది కాదు. 1513లో వ్యాకరణపీఠమునకు జరిగిన పోటీలో ఆ వృద్ధపండితుని కాదని యువకు నొకని వరించిరి. మనస్తాపముతో నగరము విడిచిన నెబ్రిహాను కార్డినలు సిస్నేరోస్ తాను నెలకొల్పిన అల్కలా విద్యాలయమునకు ఆహ్వానించి, ఆతడు ఇష్టమైనచో పాఠము చెప్పవచ్చునని, ఇష్టము లేనిచో మానుకొనవచ్చునని గౌరవపూర్వకముగా అనుజ్ఞ యిచ్చెను. 1522లో ఆతడు అచటనే కన్నుమూసెను.

నెబ్రిహా పిదప సలమాంకాలో రాజ్యమును గూర్చియు, భాషను గూర్చియు మరి రెండు గంభీరమైన ప్రశ్నలు ఉద్భవించెను. 1526లో వేదాంతపీఠము నధిష్ఠించిన ఫ్రాన్సిస్కో దె విటోరియా, 1539లో అమెరికా ఆదిమజాతులను గూర్చి ప్రసంగించుచు, ఆ జనులు తమ భూములకు న్యాయమైన స్వాములనియు, పోపుగాని చక్రవర్తిగాని సర్వలోకాధిపతి కాడనియు, మతభేదమాత్రముచేత వారి సొత్తు హరింపరాదనియు నిర్భయముగా వాదించెను; అంతర్జాతీయన్యాయమునకు బీజములు వేసినవారిలో ఆతని నొకనిగా నేటికిని లెక్కింతురు. రెండవ ప్రశ్న లేవనెత్తినవాడు కవియు వేదాంతియు నగు ఫ్రాయ్ లూయిస్ దె లెయోన్. బైబిలులోని పరమగీతమును హెబ్రూ మూలమునుండి ప్రజలభాషలోనికి పరివర్తించెననియు, ప్రామాణికమైన లాటిన్ బైబిలులో దోషము లెన్నెననియు అభియోగము తెచ్చి, మతవిచారణసభవారు 1572 మొదలు 1576 వఱకు ఆతనిని వయ్యాదొలీద్ చెఱసాలయందు బంధించిరి. విముక్తుడై తిరిగివచ్చి, నడుమ నాలుగేండ్లు గడచినట్లే తలపక, నిన్నటి పాఠమునకు కొనసాగింపుగా బోధ నారంభించెనని పరంపరాగతమైన ఐతిహ్యము. క్రీస్తునామములను గూర్చి తాను 1583లో ప్రకటించిన గద్యగ్రంథమునకు తరువాతి కూర్పున చేర్చిన భాగమున, గంభీరవిషయములకు ప్రజలభాష చాలదను వారిని ఎదుర్కొని, పదముల నేరి, తూచి, శ్రుతి కలిపి కూర్చుట తెలిసినవానికి తల్లిభాష ఏ భాషకును తీసిపోదని ఆతడు నిరూపించెను. మొరటు కొయ్యబల్లలతో ఆతని పేర నిలిచియున్న తరగతిగది నేటికిని యాత్రికులకు దర్శనీయస్థానము.

ఈ పరంపరలో గ్రీకు, హెబ్రూ భాషల ఆచార్యుడగు గొన్సాలో కొర్రెయాస్ పేరు తలపక విడువరాదు. ప్రాచీనభాషలకు జీవితము నర్పించిన ఆ పండితుడు, సంతలయందును పల్లెలయందును సామాన్యులు పలుకు స్పానిష్‌నందే నిజమైన ప్రాణము కలదని నమ్మెను. 1625లో స్పానిష్ వ్యాకరణమును వ్రాసి, 1627 నాటికి వేలకొలది సామెతలను జాతీయములను సేకరించి కూర్చి, 1630లో ఉచ్చారణమునకు సరిగా అతుకు నూతనవర్ణక్రమమును ప్రతిపాదించి, తన పేరును సైతము ఆ వర్ణక్రమముననే వ్రాసికొనెను. మఱుసటి యేడు ఆతడు మరణించెను. ఆతని సామెతల సంపుటము వ్రాతప్రతిగా నిలిచి 1906లో గాని అచ్చునకు రాలేదు. రైతులును, పనిపడుచులును, అంగడివారును పలికిన పలుకులను విద్వాంసుడొకడు ఇంత శ్రద్ధతో భద్రపరుపకున్నచో ఎంత సంపద మట్టిలో కలిసెడిదో ఊహింపవచ్చును.

1551లో రాజాజ్ఞచేత లీమా, మెక్సికో నగరములయందు స్థాపింపబడిన విద్యాలయములకు సలమాంకా నిబంధనములే ఆదర్శములయ్యెను. ఇట్లు సముద్రము దాటి సంతానమును విస్తరింపజేసిన మాతృపీఠము మాత్రము క్రమక్రమముగా కృశించెను. గురువరణమున విద్యార్థుల హక్కు పదునేడవ శతాబ్దిలో రద్దయ్యెను. 1812లో నెపోలియను సేనలు నగరపు పడమటి భాగమున కోటలు కట్టుకొనుటకై మఠములను కళాశాలలను కూల్చివేసిరి. ఆ సంవత్సరమే జూలై 22వ తేదీన ఊరికి వెలుపల అరపీలెస్ గ్రామమున ఘోరసంగ్రామము జరిగెను. 1845లోను 1857లోను ప్రభుత్వము చేసిన విద్యాశాసనములచేత డాక్టరు పట్టమిచ్చు అధికారము మద్రీదు విశ్వవిద్యాలయమునకే దక్కి, సలమాంకా ఒక జిల్లాపాఠశాలవలె మిగిలెను. 1868 విప్లవానంతరము వైద్య, విజ్ఞానశాఖలు మూతపడకుండ నగరసభయు జిల్లాసభయు స్వంతద్రవ్యముతో వానిని పోషించి నిలిపినవి. తమ విద్యాలయమును తామే కాపాడుకొనిన ఆ పౌరుల అభిమానము కృతజ్ఞతతో స్మరింపదగినది.

1898లో క్యూబా, పోర్టో రీకో, ఫిలిప్పీనులు చేజారుటతో స్పెయిన్ సామ్రాజ్యము అంతరించెను. నెబ్రిహా పీఠికలోని సిద్ధాంతమే సత్యమైనచో దానితోపాటు భాషయు క్షీణింపవలసినదే. కాని అమెరికా ఖండమున స్వతంత్రములై వర్ధిల్లుచున్న రాజ్యములందు ఆ భాష నవనవోన్మేషముతో పెరుగుచుండెను. ఈ సత్యమును స్పష్టముగా గుర్తించినవాడు మిగెల్ దె ఉనమునో. బిల్బావో నగరమున బాస్కు కుటుంబమున పుట్టి, 1891లో సలమాంకాలో గ్రీకు ఆచార్యుడై, 1900లో రెక్టారు పదవి నందిన ఆ మహామనీషి, స్పానిష్ భాషాచరిత్రమును సైతము బోధించుచు, ఆ భాష స్పెయిన్ వారి సొత్తు మాత్రమే కాదనియు, దానిని పలుకు జాతులన్నింటికిని సమానమైన హక్కు కలదనియు, అమెరికా రచయితలతో ఉత్తరప్రత్యుత్తరములు నడుపుచు, వారి గ్రంథములను విమర్శించుచు ఎలుగెత్తి చాటెను. నియంతను ఎదిరించినందున 1924లో దేశబహిష్కృతుడై, 1930లో జనుల జయధ్వానముల నడుమ మరలివచ్చెను.

ఆతడు ప్రవాసమున నున్నపుడే, 1929లో, సలమాంకా విద్యాలయము పరదేశీయులకు స్పానిష్ భాషాసంస్కృతులను బోధించు తరగతుల నారంభించెను. మద్రీదున మెనెందెస్ పిదాల్ నాయకత్వముననున్న చరిత్రపరిశోధనకేంద్రము 1912 మొదలు ఇట్టి వేసవి తరగతులను నడుపుచుండెను. 1932లో శాంతాందేర్ నగరమున మరియొక అంతర్జాతీయవిద్యాలయము వెలసెను. సలమాంకాకు మాత్రము నెబ్రిహా అయిదవ ప్రకరణము వారసత్వముగా నుండెను. కాని అంతలోనే అంతర్యుద్ధము దేశమును చీల్చెను. 1936 అక్టోబరు 12వ తేదీన, కొలంబసు అమెరికాను చేరిన దినోత్సవమున, విద్యాలయపు మహాసభామందిరమున కొందరు వక్తలు కటలనులను బాస్కులను దూషింపగా, వృద్ధుడైన ఉనమునో లేచి, బలముచేత గెలుపు లభించినను హృదయసమ్మతి లభింపదను భావమును సేనానాయకుల యెదుటనే ప్రకటించెను. రెక్టారు పదవినుండి తొలగింపబడి, ఇల్లు వెడలరాని నిర్బంధమున నుండి, ఆ యేడాది డిసెంబరు 31వ తేదీన ఆతడు పరమపదించెను.

1953-54లలో, 1254 నాటి శాసనపత్రమునకు ఏడువందల యేండ్లు నిండిన యుత్సవము జరిగినపుడు, ప్రాచీనభాషాకోవిదుడగు ఆంటోనియో తోవార్ రెక్టారుగా నుండెను; శతాబ్దమునకు పైగా కోల్పోయిన డాక్టరు పట్టాధికారము మరల లభించినది ఆ సందర్భముననే. ఫెర్నాందో లాసరో కర్రెతేర్ వంటి భాషావేత్తలు స్పానిష్ భాషాశాస్త్రమునకు అచట నూతనోత్సాహము కలిగించిరి. అప్పటినుండి పరదేశవిద్యార్థుల తరగతులు క్రమముగా విస్తరించి, నేడు ఏడాది పొడుగునను నడుచుచున్నవి. ఉదయము వ్యాకరణమును సంభాషణమును అభ్యసించిన విద్యార్థి, పిదప సాహిత్యము, చరిత్రము, కళలు, అమెరికాదేశముల సంస్కృతి మున్నగువానిని వినును. సాయంకాలమున నగరపు చౌకమగు ప్లాసా మయోర్ చావడులలో ప్రజల వాక్కునే గురువుగా గొనును. భాషను సంస్కృతినుండి విడదీసి నేర్పరాదను సూత్రము ఈ బోధకు పునాది. అంతియగాక, ఈ భాషను విదేశీయులకు నేర్పు గురువులను తయారుచేయుటయు ఆ విద్యాలయము తన కర్తవ్యముగా పెట్టుకొనినది.

1988లో స్పెయిన్ ప్రభుత్వము విదేశీయుల భాషాజ్ఞానమును ధ్రువీకరించు పట్టములను శాసనముచేత ఏర్పరచినపుడు, ఆ పరీక్షలను రూపొందించుటలో సలమాంకా పాలుపంచుకొనెను. 1991లో నెలకొన్న సెర్వాంతెస్ సంస్థతో గూడి ఆ బాధ్యతను కొనసాగించెను. 2015లో ఆ సంస్థయు, మెక్సికో జాతీయ స్వయంపాలిత విశ్వవిద్యాలయమును, సలమాంకాయు కలిసి మరియొక అంతర్జాతీయ పరీక్షను ప్రకటింపగా, పిదప బ్యూనస్ ఐరెస్ విశ్వవిద్యాలయమును చేరెను. మెక్సికో పలుకుబడియు, అర్జెంటీనా పలుకుబడియు, స్పెయిన్ పలుకుబడియు ఆ పరీక్షలో సమానమైన మర్యాద పొందును. ఒకనాడు సలమాంకా నిబంధనములను శిరసావహించిన దేశముల విద్యాలయములు నేడు దానితో సమానాసనమున కూర్చుండి ప్రమాణములను నిర్ణయించుచున్నవి. నేడు స్పానిష్ మాతృభాషగా గలవారు 50 కోట్లకు చేరువగా నుండగా వారిలో స్పెయిన్ వాసులు సుమారు పదింట ఒక వంతు మాత్రమే. జేతల శాసనములను జితులు నేర్వవలెనని బిషప్పు చెప్పిన ప్రయోజనము కాలగర్భమున కలిసెను. నేర్వగోరి వచ్చినవానికి అక్షరములనుండి ఆరంభించి ఆదరముతో నేర్పవలెనను అయిదవ ప్రకరణపు ధర్మము నిలిచెను.

మన హైదరాబాదు నగరమునను ఈ భాషకు ప్రభుత్వవిద్యాలయమున స్థానము కలదు. 1958లో ఆంగ్లభాషాబోధనకై వెలసి, 1972లో ఇతర విదేశీభాషలకు విస్తరించి, 2007లో కేంద్రీయవిశ్వవిద్యాలయమైన సంస్థయందు స్పానిష్ భాషయు సాహిత్యమును బోధింపబడుచున్నవి. తెలుగు బాలబాలికలు అచట ఆ భాషను శ్రద్ధతో అభ్యసించుచున్నారు. వారు నేర్చుకొనుచున్న భాషయొక్క చరిత్రమును తలచినపుడు మన భాషను గూర్చిన చింత కలుగక మానదు. తెలుగును పరభాషీయులకు నేర్పుటకై కేరీ 1814లోను, కాంబెల్ 1816లోను, బ్రౌను 1840లోను వ్యాకరణములు ప్రకటించిరి. వారు మువ్వురును పరదేశీయులే. వారి ఋణము తీర్చరానిది. కాని నెబ్రిహావలె మన పండితులే పూనుకొని, పొరుగురాష్ట్రమువానికిని, దేశాంతరమున పుట్టి పెరిగిన తెలుగుబిడ్డకును, తెలుగుపై ప్రీతిగల విదేశీయునకును అక్షరములు మొదలు ఆధునికసాహిత్యము వఱకు క్రమబద్ధముగా నేర్పు శాశ్వతమైన పీఠమును, దానికి తగిన గ్రంథములను, పరీక్షలను, సుశిక్షితులగు గురువులను సమకూర్చుకొనుట మన విశ్వవిద్యాలయముల ప్రథమకర్తవ్యములలో నొకటి. దానికి రాజ్యవిస్తారముగాని అపారధనముగాని ఆవశ్యకము కాదని, సర్వమును కోల్పోయిన దశలో ఆ కార్యమునకు పూనుకొనిన సలమాంకా లోకమునకు ఋజువు చేసినది.